స్విస్ ఆనకట్టలు చూడాలంటే

ఇండియా నుంచి వచ్చిన వాళ్లందరూ మంచుకొండలే అడుగుతారు. నేను మాత్రం ముందు గ్రాండ్ డిక్సాన్స్‌కు తీసుకెళ్తాను. వాలే (Valais) అనే ప్రాంతంలోని ఈ ఆనకట్ట ఎత్తు 285 మీటర్లు. మన నాగార్జునసాగర్ 124 మీటర్లే కదా! రెండూ తమ బరువుతోనే నీటిని ఆపే రకం. ఇక్కడ అడుగున మందం 200 మీటర్లు, పైన 15.

ఏ నెలలో వెళ్తారన్నదే అసలు సంగతి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే బోసిపోయిన గట్లే కనిపిస్తాయి. చలికాలమంతా కరెంటు కోసం నీళ్లు వాడేస్తారు. వేసవిలో హిమానీనదాలు కరిగి సెప్టెంబరుకల్లా జలాశయం నిండుతుంది. నా ఓటు సెప్టెంబరుకే.

సియోన్ దాకా రైలు, అక్కడి నుంచి పసుపు రంగు పోస్టు బస్సు. లోయలో మలుపులు ఎక్కువ, కడుపులో తిప్పే వాళ్లు ముందు సీట్లో కూర్చోండి. ఆనకట్ట కింది నుంచి పైకి కేబుల్ కార్ ఉంది, అయితే చలికాలంలో నడవదు. వేళలు ముందురోజే చూసుకోండి. సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన కాబట్టి ఎండ కాస్తున్నా స్వెట్టర్ తప్పనిసరి.

చలికాలంలోనే వచ్చారా? దక్షిణాన ఇటాలియన్ మాట్లాడే టిచీనోకు వెళ్లండి. లొకార్నో దగ్గరి వెర్జాస్కా ఆనకట్ట 220 మీటర్లు, విల్లులా వంగిన పలుచని గోడ. కట్ట మీద నడవవచ్చు; కళ్లు తిరిగే వాళ్లు జలాశయం వైపు పిట్టగోడ పట్టుకుని నడిస్తే మేలు.