ఆపరేషన్ బల్ల ఎక్కేముందే గొంతు దగ్గరి రక్తనాళం సంగతి చెప్పండి

మా బావగారికి నలభై ఆరేళ్లు. ఇరవై ఏళ్లుగా ఉబ్బసమనే ఇన్‌హేలర్ పీలుస్తున్నారు, గుణం మాత్రం అంతంతే. మెట్లెక్కితే ఈల వేసినట్టు చప్పుడొచ్చేది. భోజనంలో రెండు ముద్దలకోసారి గుక్కెడు నీళ్లు తాగాల్సిందే, లేకపోతే పొలమారేది. అది ఆయన అలవాటనుకున్నాం. గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ కోసం తీసిన ఎక్స్‌రేలో ఏదో తేడా కనబడి సీటీ తీయిస్తే, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని రెండు పాయలై శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ ఉంగరంలా చుట్టేసి ఉంది. పుట్టుకతోనే.

కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు కరిగిపోవాల్సిన రక్తనాళం మిగిలిపోతే ఇలా అవుతుంది. ఎక్కువమందిలో కనిపించే రకం వేరు: కుడి చేతికి వెళ్లే ధమని అన్నవాహిక వెనక నుంచి అడ్డంగా పోతుంది. సుమారు వందలో ఒకరికి ఉంటుంది, చాలామందికి ఏ బాధా ఉండదు. దానివల్ల ముద్ద దిగని ఒక మహిళ గురించి ఇంగ్లండ్ వైద్యుడు డేవిడ్ బేఫర్డ్ రాసింది పద్దెనిమిదో శతాబ్దంలోనే అచ్చయింది.

మందులకు లొంగని ఆయాసముంటే స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి వేగం కొలిచే పరీక్ష) చేయించమని అడగండి. కొండలా లేచి దిగాల్సిన గీత బల్లపరుపుగా వస్తే, గాలిదారిని ఏదో నొక్కుతోందేమో చూడాలి. అంతవరకు ఇన్‌హేలర్ సొంతంగా మానొద్దు. కొందరికి ఉబ్బసం కూడా ఉంటుంది.

ఇక ఆపరేషన్ విషయం. మత్తు డాక్టర్‌ని ఆ రోజు పొద్దున కాదు, కొన్ని రోజుల ముందే కలవండి. రిపోర్టు కాగితమే కాదు, సీటీ సీడీ కూడా చేతిలో పెట్టండి. కండరాలు వదులయ్యే మందిచ్చాక కొందరిలో నొక్కుడున్నచోట దారి ఇంకా మూసుకుపోవచ్చు, శ్వాసగొట్టం కొన ఎక్కడ ఆగాలో మత్తు డాక్టర్ ముందే ఆలోచించుకోవాలి.

ఇంటివాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఐసీయూ గురించి. రోగి అప్పుడు మాట్లాడలేరు. శ్వాసగొట్టం, ముక్కులోంచి పొట్టలోకి వేసే పైపు రోజుల తరబడి ఉంటే, పైపుకీ ధమనికీ మధ్య గోడ ఒరుసుకుని చిల్లు పడొచ్చు. అప్పుడయ్యే రక్తస్రావం ప్రాణం తీస్తుంది. మొహమాటపడకుండా మీరే చెప్పండి, పైపు ఎన్నాళ్లుంచుతారో అడగండి. మా అక్క ఈ సంగతంతా తెలుగులోనూ ఇంగ్లిషులోనూ మూడు లైన్లు రాసి, బావగారి పర్సులో ఆధార్ వెనకాల పెట్టింది.

కుడి చేతి ధమని దారి తప్పినవాళ్లు కుడి మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ చేసేముందు చెప్పాలి, వైరు తిరగడం కష్టమవుతుంది. థైరాయిడ్ ఆపరేషన్‌కీ అంతే. వాళ్లలో కుడివైపు గొంతు నరం వేరే దారిలో ఉంటుంది, తెలియక తెగితే గొంతు బొంగురుపోతుంది.

ఇంకో రకం రక్తనాళ లోపం కూడా ఉంది. నాలుక మీదో గొంతులోనో నీలంగా మెత్తటి ఉబ్బు ఉండి, పడుకున్నా ముక్కినా పెరుగుతుంటే అది సిరల లోపం కావొచ్చు. స్కాన్ లేకుండా పరీక్షకని ముక్క తీయనివ్వొద్దు, పళ్ల డాక్టర్‌కీ చెప్పండి.

చలికాలంలో మామూలు జలుబు కూడా ఇరుకు దారిని వాచేలా చేస్తుంది. ఫ్లూ టీకా గురించి డాక్టర్‌ని అడగండి. కూర్చున్నచోటే ఈల చప్పుడొచ్చినా, పెదాలు నీలంగా మారినా, దగ్గులోగానీ వాంతిలోగానీ రక్తం పడినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ సీడీ వెంట పెట్టుకుని బయల్దేరండి.