హవర్తియా ఆకులు ముడుచుకుపోతున్నాయా? నీళ్లు పోసే ముందు ఇది చూడండి

కడియం నర్సరీల్లో ముచ్చటపడి కొన్న చారల హవర్తియా అనే దళసరి ఆకుల చిన్న మొక్క, మన గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో తొలి వానాకాలమే దాటదు. దీని పుట్టిల్లు దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్. అక్కడ పొదల నీడన, రాళ్ల సందుల్లో గుబురుగా పెరుగుతుంది. మన చెమ్మగాలిని తట్టుకుంటుంది కానీ, వేళ్ల దగ్గర తడి నిలిస్తే మాత్రం తట్టుకోలేదు.

సమస్య: ఆకులు పల్చబడి, లోపలికి ముడుచుకున్నాయి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. దాహమైనా ఆకు ఇలాగే ఉంటుంది, వేరు కుళ్లి నీళ్లు తాగలేకపోయినా ఇలాగే ఉంటుంది. చీపురుపుల్ల ఒకటి కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి. పొడిగా వస్తే దాహమే. అడుగు రంధ్రంలోంచి కారేదాకా నీళ్లు పోస్తే కొద్దిరోజుల్లో ఆకులు మళ్లీ నిండుగా అవుతాయి. పుల్లకు తడి మట్టి అంటుకుని, మొక్క కూడా కదులుతోందంటే వేరు పోయినట్టే. ఇక చుక్క నీరు పోయొద్దు.

పరిష్కారం: మొక్కను తీసి, వేళ్లకు పట్టిన కొబ్బరిపొట్టంతా కడిగేయండి. మంచి వేరు గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరును చేతివేళ్లతో లాగితే పైతోలు జారిపోయి, లోపల దారం లాంటిది మిగులుతుంది. అలాంటివన్నీ, మెత్తబడిన అడుగు ఆకులతో సహా తీసేయండి. మొక్క మొదలు దగ్గర గోధుమరంగు మచ్చ కనిపిస్తే శుభ్రమైన కండ వచ్చేదాకా బ్లేడుతో కోయాలి. నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వండి, ముసురు పట్టి ఉంటే ఇంకొన్ని రోజులు. వేరు ఒక్కటీ మిగల్లేదని పారేయకండి. మొదలు గట్టిగా ఉంటే కొత్త వేళ్లు వేస్తుంది.

తిరిగి నాటడానికి మన ఒండ్రుమట్టి పనికిరాదు. గోదావరి ఇసుకను జల్లించి, సన్నటి ఒండ్రు పోయేలా కడిగి, మిగిలిన ముతక ఇసుక రెండు పాళ్లు, శనగగింజంత ఇటుక ముక్కలు రెండు పాళ్లు, వర్మీ కంపోస్టు ఒక పాలు కలపండి. సముద్రపు ఒడ్డు ఇసుక వద్దు, అందులో ఉప్పుంటుంది. కుండీ చిన్న మట్టిదైతే మేలు. నాటాక వారం దాకా నీళ్లు పోయకూడదు.

సమస్య: ఆకులు ఎర్రబడ్డాయి

ఎండ ఎక్కువైంది. రోగం కాదు, టెన్షన్ పడొద్దు. తూర్పు వరండాలోకి మారిస్తే మెల్లగా పచ్చబడతాయి. అదే వెలుతురు చాలకపోతే ఆకులు సాగి వెలవెలబోతాయి. సాగినవి మళ్లీ పొట్టివి కావు, కొత్తగా వచ్చేవి బాగుంటాయి. అలాగని ఒక్కసారిగా ఎండలో పెట్టేస్తే మాడిపోతాయి.

సమస్య: ఆకు మొదళ్లలో తెల్లటి దూది

ఇది పిండినల్లి అనే పురుగు. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచేయండి, వారం తర్వాత మళ్లీ చూడండి. వేళ్లకూ పడుతుంది కాబట్టి పైన తగ్గకపోతే కుండీలోంచి తీసి చూడాల్సిందే.

సమస్య: ఆకు కొసలు ఎండి, మట్టి మీద తెల్లటి పొర

తీరానికి దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ ఉప్పే ఇలా పేరుకుంటుంది. వాననీరు పట్టి పోయండి.

నడివేసవిలో ఎదుగుదల ఆగితే కంగారుపడి ఎరువు వేయకండి, వేడికి అది సహజమే. పిలకలు విడదీయడానికి వానలు వెనకబట్టిన కార్తీకం నుంచి మాఘం దాకా మంచి అదను. సొంత వేళ్లున్న పిలకనే తీయండి, లేనిదాన్ని తల్లి దగ్గరే ఉంచండి.