ప్యాచ్ వేసే రాత్రికి ముందు, ఆ తర్వాత: పీఎల్‌ఎం సర్వర్లు చూసేవాళ్లకు జాగ్రత్తలు

ఒరాకిల్ మామూలుగా మూడు నెలలకోసారి ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) ఇచ్చేది. 2024 నవంబరు 18న మాత్రం అంతవరకూ ఆగకుండా విడిగా ఒక హెచ్చరిక జారీ చేసింది. ఒరాకిల్ వారి ఎజైల్ పీఎల్‌ఎం (వస్తువుల డిజైన్ నుంచి తయారీ దాకా సమాచారం దాచే సాఫ్ట్‌వేర్) 9.3.6 వెర్షన్‌లో లోపం. దాని సీవీఈ, అంటే భద్రతా లోపాలకిచ్చే గుర్తింపు నంబరు, సీవీఈ-2024-21287. యూజర్ ఐడీ అక్కర్లేదు, పాస్‌వర్డూ అక్కర్లేదు. నెట్‌వర్క్‌లో సర్వర్ అందితే చాలు, ఆ అప్లికేషన్ చదవగలిగే ఫైళ్లను బయటివాడు దించుకుపోవచ్చు. అప్పటికే దాడులు మొదలయ్యాయి. మూడు రోజులకే అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా, దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో దీన్ని చేర్చింది. 2025 ఫిబ్రవరిలో అదే 9.3.6లోని ఇంకో లోపం, సీవీఈ-2024-20953, అదే జాబితాకెక్కింది. దాని ప్యాచ్ 2024 జనవరిలోనే వచ్చింది! ఏడాది దాటినా వేయని సర్వర్లు ఉన్నాయి కాబట్టే అది ఇంకా దాడులకు పనికొచ్చింది.

బ్యాకప్ తీయండి, ముందు టెస్ట్‌లో వేసి చూడండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. చాలామందిని ముంచింది ఒకే పొరపాటు: ప్యాచ్ వేసి, పాస్‌వర్డులు మార్చకుండా వదిలేయడం.

నేను పనిచేసిన ఒకచోట శనివారం రాత్రి ప్యాచ్ వేశాం. సోమవారం అన్నీ సాఫీగా నడిచాయి, టికెట్ (ఆ పని నమోదు) మూసేశాం. ఐదో వారంలో డీబీఏ (డేటాబేస్ చూసే ఆయన) వచ్చి, "రాత్రి రెండింటికి రిపోర్టింగ్ సర్వర్ నుంచి ఈ ఐడీతో ఎవరు లాగిన్ అవుతున్నారండీ?" అని అడిగారు. చూస్తే అది పీఎల్‌ఎం డేటాబేస్ ఐడీ. ఇన్‌స్టాల్ చేసిన రోజు పెట్టిన పాస్‌వర్డే, ఆరేళ్లుగా అదే. ప్యాచ్‌కి ముందే ఎవరో ఫైళ్లు లాగేశారు. తలుపు మేం మూశాం గానీ తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది. ఏమేం పోయిందో ఇప్పటికీ చెప్పలేం. లాగ్ ఫైళ్లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సర్వర్ రాసుకునే రికార్డులు) పద్నాలుగు రోజులవే ఉంచేవాళ్లం.

"మా పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయిగా" అంటారు. ఉంటాయి. కానీ ఎజైల్ కింద నడిచే వెబ్‌లాజిక్ అనే అప్లికేషన్ సర్వర్‌లో వాటిని విప్పే తాళంచెవి కూడా ఒక ఫైలే. డొమైన్‌లోని సెక్యూరిటీ ఫోల్డర్‌లో, సీరియలైజ్డ్‌సిస్టమ్‌ఇని.డాట్ అనే పేరుతో ఉంటుంది. సర్వర్ లేవాలంటే దాన్ని చదవాలి. సర్వర్ చదవగలిగేది ఈ లోపంతో బయటికీ పోగలదు. తాళమూ చెవీ ఒకే సంచిలో పోయినట్టే.

21287 తీవ్రత పదికి 7.5 అని చూసి, తొమ్మిది దాటలేదుగా అని వాయిదా వేయొద్దు. ఫైళ్లు బయటపడతాయే గానీ మారవు, సర్వర్ పడిపోదు, అందుకే ఆ అంకె. పీఎల్‌ఎంలో ఉండేదే ఫైళ్లు కదా! డ్రాయింగులు, బీఓఎం (విడిభాగాల జాబితా), సప్లయర్ ధరలు, ఇంకా మార్కెట్‌కి రాని మోడళ్లు.

పాస్‌వర్డు ఎందుకు మార్చరో నాకు తెలుసు. అది పది చోట్ల దాగి ఉంటుంది: ఈఆర్‌పీ (కొనుగోళ్లు, లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్) ఇంటిగ్రేషన్‌లో, ఫైల్ సర్వర్‌లో, క్యాడ్ (డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) కనెక్టర్‌లో, ఎప్పుడో వెళ్లిపోయిన ఉద్యోగి రాసిన రాత్రి స్క్రిప్టులో. ఒకటి మరిచినా పొద్దున్నే ప్రొడక్షన్ ఆగుతుందని భయం. అందుకే పాస్‌వర్డు ఎక్కడెక్కడుందో ఆ జాబితా ప్యాచ్‌కి ముందే తయారవ్వాలి. ఆ రాత్రి కూర్చుని వెతికితే దొరకదు.

ఇక వరసగా చెబుతాను.

ప్యాచ్‌కి ముందే లాగ్ ఫైళ్లు వేరే మెషీన్‌కి కాపీ చేయండి. రీస్టార్టుతో పాతవి చెరిగిపోయే సెటప్పులున్నాయి.

టెస్ట్ సర్వర్‌కీ ప్యాచ్ వేయండి. దాన్ని మామూలుగా ప్రొడక్షన్ కాపీతోనే లేపుతారు, పాస్‌వర్డులూ అవే ఉంటాయి.

సప్లయర్లను వీపీఎన్ దాటే రానివ్వండి. లాగిన్ పేజీ ఇంటర్నెట్‌లో కనిపించకూడదు.

పనైపోయిన సప్లయర్ ఐడీలు తీసేయండి. పైన చెప్పిన రెండో లోపం 20953కి చిన్న హక్కులున్న లాగిన్ ఒకటి దొరికితే చాలు.

అప్లికేషన్‌ని అడ్మినిస్ట్రేటర్ ఐడీతో నడపొద్దు. ఆ ఐడీ ఎంత చదవగలిగితే అంతా పోతుంది.

మాది ఒరాకిల్ కాదు అనొద్దు. 2025 సెప్టెంబరులో డసో వారి డెల్మియా అప్రిసో (ఫ్యాక్టరీలో తయారీ పనులు నడిపే సాఫ్ట్‌వేర్) లోపం, సీవీఈ-2025-5086, అదే సిసా జాబితాలో చేరింది. దాని తీవ్రత 9.0.

డేటాబేస్ పాస్‌వర్డు మార్చండి. ఎల్‌డాప్‌ది (ఉద్యోగుల ఐడీలుండే డైరెక్టరీది) మార్చండి. మెయిల్‌ది, ఈఆర్‌పీది, వెబ్‌లాజిక్ అడ్మిన్‌ది మార్చండి. ప్యాచ్ వేశాకే మార్చండి. ముందు మార్చితే కొత్తవీ పోతాయి.

"వచ్చే నెల మారుద్దాం" అన్నవాళ్ల మాట వినొద్దు.

మార్చేదాకా టికెట్ మూయొద్దు. మూసే ముందు, జాబితాలోని ప్రతి ఐడీకి పాత పాస్‌వర్డు కొట్టి మీరే లాగిన్ అవడానికి చూడండి. ఒక్కటి లోపలికి రానిచ్చినా టికెట్ తెరిచే ఉంచండి.