మైక్రోలైట్‌ ఎగిరే ముందు: నేల మీదే కనిపించే లోపాలు, వాటి పరిష్కారాలు

ఇక్కడి సూచనలు మైక్రోలైట్‌లలో, అంటే చిన్న తేలికపాటి విమానాల్లో, గుడ్డ రెక్క కింద ఇద్దరు ఒకరి వెనుక ఒకరు కూర్చునే ట్రైక్ రకానికి, అందులోనూ రోటాక్స్ 912 ఇంజిన్‌తో నడిచే వాటికి వర్తిస్తాయి. మీ విమానంతో వచ్చిన పుస్తకం వేరుగా చెబితే దానినే పాటించాలి.

సమస్య: ఉదయం చూస్తే ఆయిల్ తక్కువగా ఉంది

ఆయిల్ నిజంగా తగ్గి ఉండవచ్చు. అయితే చాలాసార్లు రాత్రంతా నిలిచి ఉన్నప్పుడు కొంత ఆయిల్ ట్యాంకు నుండి ఇంజిన్ అడుగుకు దిగి ఉంటుంది. రెండు ఇగ్నిషన్ (పెట్రోలును మండించే నిప్పురవ్వ) స్విచ్‌లూ ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ట్యాంకులో గుడగుడ శబ్దం వినిపించేవరకు ప్రొపెల్లర్‌ను అది మామూలుగా తిరిగే దిశలోనే చేత్తో నెమ్మదిగా తిప్పి, ఆ తరువాత కొలవాలి. అలా చేయకుండా ఆయిల్ పోస్తే అది ఎక్కువై వెంట్ గొట్టం ద్వారా బయటికి పొంగుతుంది.

సమస్య: ఇగ్నిషన్ పరీక్షలో వేగం మరీ తగ్గింది, లేదా అసలు తగ్గలేదు

ఆయిల్ 50 డిగ్రీలకు వేడెక్కాక, 4000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద ఒక్కొక్క స్విచ్‌ను ఆపి చూడాలి. తగ్గుదల 300 దాటినా, రెండింటి మధ్య తేడా 115 దాటినా మసిపట్టిన స్పార్క్ ప్లగ్‌ను, వదులైన ప్లగ్ టోపీని అనుమానించాలి. అసలు తగ్గకపోతే సంతోషించకూడదు. స్విచ్ తీగ తెగి, ఆపామనుకున్న ఇగ్నిషన్ పనిచేస్తూనే ఉందని అర్థం. అటువంటి ఇంజిన్ ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పడం ప్రాణాంతకం. తీగ బాగుచేసేవరకు దానిని తాకవద్దు.

సమస్య: కొన్ని నిమిషాలు బాగానే నడిచి ఇంజిన్ నీరసించింది

షెడ్డులో నిలిపిన విమానం పెట్రోలు ట్యాంకుకు గాలి అందించే వెంట్ గొట్టంలో కందిరీగలు మట్టి గూడు కడతాయి. గాలి లోపలికి రాక పెట్రోలు దిగదు. వేగం చూపే పరికరపు గొట్టానికీ ఇదే గతి పడుతుంది. పరుగులో ముల్లు కదలకపోతే పైకి లేవకుండా ఆగిపోవాలి. గొట్టాన్ని పరికరం నుండి విడదీయకుండా ఊదితే పరికరమే చెడుతుంది. ట్యాంకు అడుగు నుండి కొద్దిగా పెట్రోలు గాజు సీసాలోకి తీసి, నీరు, మట్టి ఉన్నాయేమో కూడా చూసుకోవాలి.

సమస్య: పరుగు ఎంత సాగినా నేల వదలడం లేదు

అనంతపురం పరిసరాలు సముద్రమట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తులో ఉంటాయి. ఎండ 40 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం గాలి పలుచబడి, విమానం సుమారు 1300 మీటర్ల ఎత్తున ఉన్న నేల మీది నుండి లేస్తున్నట్లే కష్టపడుతుంది. వెనుక సీటులో మనిషి కూర్చుంటే భారం మరింత పెరుగుతుంది. ప్రయాణికుడి బరువును మర్యాదకు అంచనా వేయకుండా, బూట్లు, హెల్మెట్‌తో సహా తూచాలి. 60 లీటర్ల పెట్రోలు ఒక్కటే 43 కిలోల దాకా తూగుతుంది. తెల్లవారగానే ఎగరడం, అవసరానికి మించి పెట్రోలు నింపకపోవడం తప్ప దీనికి మందు లేదు.

ముళ్ళకంప ఉన్న మట్టి రన్‌వే అయితే టైర్లలో గాలిని ప్రతిసారీ చూడాలి.

సమస్య: ప్రయాణికుడు బిగుసుకుపోయాడు, లేదా కాలు పెట్టకూడని చోట పెడుతున్నాడు

ఇంజిన్‌ను గంటసేపు చూసి మనిషిని రెండు నిమిషాల్లో ఎక్కించడం మన దగ్గర మామూలైంది. భయానికి సగం కారణం తెలియకపోవడమే. రెక్క కదలడం, గాలికి కుదుపులు రావడం మామూలేనని, దేన్నీ పట్టుకుని లాగకూడదని చెప్పి, పాదాలు ఎక్కడ ఉంచాలో కూర్చోబెట్టి చూపించాలి. హెడ్‌సెట్‌లో మాట ఆగిపోతే పైలట్ భుజం మీద రెండుసార్లు తట్టడం ‘దించండి’ అనే సైగగా ముందే ఒప్పుకోవాలి. బెల్టు పెట్టడం, విప్పడం ఆయన చేతనే చేయించాలి.

జేబులు ఖాళీ చేయించడం అన్నిటికన్నా ముఖ్యం. ప్రొపెల్లర్ ఆయన వీపు వెనుకే తిరుగుతుంది కనుక ఫోను, తాళాలు, టోపీ, చున్నీ, కండువా ఏది జారినా అందులోకే పోతుంది. ఫోటో కోసం ఫోను అడిగితే తాడుతో ఒంటికి కట్టుకున్నా ఒప్పుకోకపోవడమే మేలని నా అభిప్రాయం.

దిగాక పొలాల నుండి పిల్లలు పరుగెత్తుకు వస్తారు. ప్రొపెల్లర్ పూర్తిగా ఆగేవరకు ప్రయాణికుడు బెల్టు విప్పకూడదు; ఒక సహాయకుడు ముందుగానే విమానం వెనుకవైపు, తగినంత దూరంలో నిలబడి వచ్చేవారిని ఆపాలి.