నరం ఎక్కడ నొక్కుకుంది: స్కాన్‌కి ముందు చూసుకోవాల్సినవి

చేయి తిమ్మిరి అంటూ నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చేవాళ్ళలో చాలామంది చంకలో ఎంఆర్‌ఐ కవరుతోనే వస్తారు. "ఏ వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి?" అంటే మాత్రం "చెయ్యంతా అండీ" అంటారు. వేలకు వేలు పోసి మెడ స్కాన్ తీయించేముందు ఆ వేళ్ళేవో ఒక్క రాత్రి గమనించి ఉంటే సగం పని అయిపోయేది. నలభై దాటాక ఏ బాధా లేనివాళ్ళ మెడలో కూడా డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. రిపోర్టులో 'బల్జ్' అని రాసినంత మాత్రాన మీ తిమ్మిరికి కారణం అదే కానక్కర్లేదు.

ముందు ఒక పెన్ను తీసుకుని, తిమ్మిరి ఉన్నంత మేరా చర్మం మీదే గీత గీయండి. నవ్వకండి, ఇప్పటికీ నేను అందరి చేతా ఇదే చేయిస్తాను.

రెండు పాదాల్లోనూ ఒకేలా, వేళ్ళ దగ్గర మొదలై నెమ్మదిగా పైకి పాకుతుంటే అది నరం నొక్కుకోవడం కాదు. షుగర్, బీ12 పరీక్ష చేయించండి. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్ళలో కొందరికి బీ12 తగ్గుతుంది. మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, మూతి వంకరపోయి చెయ్యి పడిపోయినా, రెండు కాళ్ళలో బలం గంటగంటకీ తగ్గుతున్నా ఇది చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్ళండి.

బొటనవేలు, చూపుడు, మధ్య వేలు తిమ్మిరి. రాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది

మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుంటోంది. కార్పల్ టన్నెల్ అంటారు. నిద్రలో మణికట్టు మడతపడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, అందుకే రాత్రిళ్ళు ఎక్కువ. మందుల షాపులో దొరికే మణికట్టు స్ప్లింట్ (మణికట్టు వంగకుండా పట్టి ఉంచే పట్టీ) రాత్రిపూట కట్టుకోండి, ఆరు వారాలు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. స్ప్లింట్ లోపలి రేకు చాలాసార్లు పైకి వంగి వస్తుంది. దాన్ని బయటికి లాగి, చేత్తో తిన్నగా చేసి మళ్ళీ దూర్చాలి. మణికట్టు పైకీ కిందకీ వంగకుండా ఉండాలి. గర్భిణుల్లో, థైరాయిడ్ తగ్గినవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ, కాబట్టి ఆ పరీక్షలు వదలొద్దు. బొటనవేలి మొదట్లో కండ పల్చబడి గుంట పడితే స్ప్లింట్‌తో కాలయాపన చేయకుండా సర్జన్‌ని కలవండి.

చిటికెన వేలు, దాని పక్కన సగం ఉంగరం వేలు

మోచేయి దగ్గర నరం నొక్కుకుంటోంది. ఫోన్ చెవికి ఆనించి గంటలు మాట్లాడేవాళ్ళు, చెయ్యి తలకింద మడిచి పడుకునేవాళ్ళు, బల్ల మీద మోచేయి ఆనించి కూర్చునేవాళ్ళు. రాత్రి మోచేతికి తువ్వాలు చుట్టి వదులుగా కట్టుకుంటే మడత పడదు.

తొడ బయటి వైపు మంట, మొద్దుబారడం. కాలి బలం మాత్రం బాగానే ఉంది

తొడ బయటి వైపు చర్మానికి వెళ్ళే నరం బెల్టు బిగుతుకి నొక్కుకుంటోంది. బెల్టు వదులు చేయండి. ఆడవాళ్ళయితే లంగా బొందు. పొట్ట పెరిగితే కూడా వస్తుంది. ఆ నరం పని స్పర్శ ఒక్కటే, కండల్ని కదిలించదు, కాబట్టి కాలు పడిపోతుందన్న టెన్షన్ వద్దు.

నడుస్తుంటే చెప్పు జారిపోతోంది, కాలివేళ్ళు గడపకి తగులుతున్నాయి

పాదం పైకి లేవడం లేదు. మడమల మీద నాలుగడుగులు వేయమంటే ఆ కాలు వేయలేరు. దీన్ని చూడగానే అందరూ నడుము అంటారు. నేనూ అన్నాను, ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను.

టైల్స్ వేసే మేస్త్రీ ఒకాయన వచ్చాడు. నడుము ఎంఆర్‌ఐలో డిస్కు ఉబ్బు ఉంది. నడుము నొప్పి ఉందా అంటే "ఎప్పుడూ ఉండేదేగా" అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? నెలరోజుల పాటు ట్రాక్షన్ (నడుముని బరువుతో లాగి ఉంచడం), నడుము వ్యాయామాలు. పాదం ఇసుమంత లేవలేదు. ఒకరోజు తన వంతు కోసం కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు, పైన వేసింది కూడా ఆ లేవని కాలే. అప్పుడు కూర్చోబెట్టి అడిగితే అసలు విషయం బయటపడింది. అంతకుముందు కామెర్లు వచ్చి పది కిలోలకు పైగా తగ్గాడు. కోలుకోగానే ఒక అపార్ట్‌మెంటు పని ఒప్పుకుని రోజంతా గొంతుక్కూర్చున్నాడు. మోకాలి బయటి వైపు, బుడిపె ఎముక కింద వేలితో తట్టాను. కరెంటు కొట్టినట్టు పాదం దాకా పాకింది.

పాదాన్ని పైకి లేపే పెరోనియల్ నరం అక్కడ, బుడిపె కింద ఎముక సన్నబడే చోట, చుట్టూ తిరిగి ముందుకు వస్తుంది. పైన చర్మం, కొద్దిగా కొవ్వు, అంతే. ఒళ్ళు తగ్గితే ఆ మెత్త కూడా పోతుంది. దానికి తోడు గంటల తరబడి గొంతుక్కూర్చున్నా, కాలు మీద కాలు వేసుకున్నా నరం నలుగుతుంది. కలుపు తీసేవాళ్ళలో, డైటింగ్‌తో గబగబా తగ్గినవాళ్ళలో, మంచాన పడి కాలు బయటికి వాలిపోయినవాళ్ళలో, మోకాలి కింద బిగుతుగా పట్టీ కట్టినవాళ్ళలో చూశాను.

నడుమా, మోకాలా తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. రోగి పాదాన్ని చేత్తో తిన్నగా పట్టుకుని, పాదాన్ని లోపలి వైపుకి తొయ్యమనండి. అది బలంగా ఉండి, పైకి ఎత్తడం, బయటికి తిప్పడం మాత్రమే పోయి ఉంటే మోకాలి దగ్గర వెతకండి. లోపలికి తొయ్యడం కూడా బలహీనంగా ఉంటే నడుము వైపు అనుమానించాలి. ఇది ఇంట్లో తేల్చేసుకుని ఊరుకోమని కాదు. పాదం పైకి లేవకపోతే వారంలోపు న్యూరాలజిస్టుకి చూపించాల్సిందే. ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు బరువు తగ్గిన సంగతి, కూర్చునే పద్ధతి అడక్కపోయినా చెప్పండి. నరం ఎంత దెబ్బతిందో నెర్వ్ పరీక్షలో పూర్తిగా తేలాలంటే రెండు మూడు వారాలు ఆగాలి.

చేయాల్సింది ముందు మానడం. కాలు మీద కాలు, గొంతుక్కూర్చోవడం, మోకాలి పట్టీ, మూడూ బంద్. మేస్త్రీ చిన్న పీట వేసుకుని పని చేశాడు. పాదం కిందకి వేలాడకుండా చెప్పులో పట్టే స్ప్లింట్ పెట్టాలి, లేకపోతే మడమ వెనక నరం కుచించుకుపోయి (నిజానికి అది నరం కాదు, కండర బంధం, మనం అలా అంటాం) తర్వాత బలం తిరిగొచ్చినా పాదం పైకి వంగదు. రోజూ చేత్తో పాదాన్ని పైకి వంచాలి. నరం తీగ తెగి మళ్ళీ పెరగాల్సి వస్తే రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది, కాబట్టి నెలలు పడుతుంది. మేస్త్రీకి నాలుగు నెలలు పట్టింది. మూడు నెలలైనా కదలిక మొదలవకపోతే, లేదా అక్కడ గడ్డ తగిలితే సర్జన్ దగ్గరికి.

ఆ బుడిపె మీద నూనె మర్దన, నరం లాగించుకోవడం వద్దు. స్పర్శ లేని చోట వేడినీళ్ళ సంచి పెట్టి బొబ్బలు తెచ్చుకున్నవాళ్ళకి లెక్కలేదు.

ఇంకొకటి, మన దేశంలో మర్చిపోకూడనిది కుష్ఠు. మోచేయి దగ్గరి నరం, మోకాలి బయటి ఈ నరం, దానికి కూడా ఇష్టమైన చోట్లే. ఒంటిమీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉందేమో, నరం తాడులా లావుగా తగులుతోందేమో చూడండి. 2005లో నిర్మూలన అని ప్రకటించింది దేశం మొత్తమ్మీద కేసులు పది వేల మందికి ఒకటి కంటే తగ్గాయని, అసలు లేకుండా పోయిందని కాదు. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

మెడ పక్కన పక్కటెముక నొక్కడం, చీలమండ లోపలి వైపు నొక్కుకోవడం లాంటివి ఉంటాయి గానీ ఏడాదికి ఒకటీ అరా చూస్తాను. పైవన్నీ కాదని తేలాకే వాటి జోలికి వెళ్ళండి.