ట్రయాథ్లాన్‌లో ప్రాక్టీస్ పేస్‌ని బట్టి రేస్ పేస్ ఎలా తేల్చుకోవాలి?

నా మొదటి ట్రయాథ్లాన్‌లో సైకిల్ దిగి పరుగు మొదలుపెట్టేసరికి కాళ్లు దుంగల్లా ఉన్నాయి. ఈడ్చుకుంటూ పోతున్నాననే అనుకున్నాను. కిలోమీటరు దాటాక వాచీ చూస్తే 4 నిమిషాల 55 సెకన్లు. ఉత్త 10 కిలోమీటర్ల పరుగులోనే నా పేస్, అంటే కిలోమీటరుకు పట్టే సమయం, 5:30. ఇంకేముంది, నాలుగో కిలోమీటరుకి నడక. రెండు గంటల పాటు సైకిల్ మీద దూసుకొచ్చిన కంటికి పరుగు ఎప్పుడూ నత్తనడకలాగే కనిపిస్తుంది. అందుకే రేస్ పేస్‌ని ఆ రోజు ఒంటికి తోచినదానికి వదిలేయకూడదు, ముందే లెక్క కట్టుకోవాలి.

కొత్తవాళ్లకు వచ్చే మొదటి సందేహం: రేసులో 5:45 పేస్ కావాలంటే రోజూ 5:45తోనే పరుగెత్తాలా? అక్కర్లేదు. పైగా రేసు దూరాన్ని బట్టి ఈ సంబంధం తలకిందులైపోతుంది. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉండే స్ప్రింట్‌లో రేస్ పేస్ మీ మామూలు ప్రాక్టీస్ కంటే ఎంతో వేగం. 3.8, 180, 42.2 కిలోమీటర్ల ఐరన్‌మ్యాన్‌లో చాలామంది రేస్ పరుగు వాళ్ల తీరికైన ప్రాక్టీస్ పరుగుకంటే నెమ్మదిగానే ఉంటుంది.

1. ముందు మీ హద్దు ఎక్కడుందో కొలవండి

సుమారు గంటసేపు నిలబెట్టుకోగలిగిన గరిష్ఠ స్థాయిని థ్రెషోల్డ్ అంటారు. మిగతా లెక్కలన్నీ దీని మీదే. మూడు పరీక్షలు ఒకే రోజు పెట్టుకోకండి, వారంలో పంచుకోండి.

ఈత: బాగా వార్మప్ చేసి 400 మీటర్లు శక్తికొద్దీ ఈదండి. పూర్తిగా తేరుకున్నాక 200 మీటర్లు. 400కి 9 నిమిషాల 20 సెకన్లు, 200కి 4 నిమిషాల 24 సెకన్లు పట్టాయనుకుందాం. తేడా 296 సెకన్లు, అందులో సగం 148. అంటే మీ థ్రెషోల్డ్ పేస్ వంద మీటర్లకు 2:28.

సైకిల్: ఇక్కడ గంటకు ఇన్ని కిలోమీటర్లు అనే లెక్క వదిలేయండి. ఎదురుగాలి వీస్తే, చిన్న ఎత్తు వస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. పైగా గాలిని చీల్చడానికి కావాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచాలంటే దాదాపు 33 శాతం ఎక్కువ శక్తి పెట్టాలి. పవర్ మీటర్ (పెడల్ మీద మీరు పెట్టే శక్తిని వాట్లలో చూపే పరికరం) ఉంటే 20 నిమిషాలు గట్టిగా తొక్కి, సగటు వాట్లలో 95 శాతం తీసుకోండి. 210 వాట్లు వస్తే మీ థ్రెషోల్డ్ 200. మీటర్ లేకపోతే హార్ట్ రేట్ చాలు.

పరుగు: ఒంటరిగా, చదునైన దారిలో 30 నిమిషాలు గట్టిగా పరుగెత్తండి. ఆ సగటు పేసే ఇంచుమించు మీ థ్రెషోల్డ్. చివరి 20 నిమిషాల సగటు హార్ట్ రేట్ కూడా రాసిపెట్టుకోండి. మొదటి ఐదు నిమిషాల్లోనే ఆయాసపడిపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, ఇంకో రోజు చేయండి.

2. రోజువారీ ప్రాక్టీస్‌ని కావాలనే నెమ్మది చేయండి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తేలిగ్గా చేయాల్సిన రోజు కాస్త గట్టిగా, గట్టిగా చేయాల్సిన రోజు అలసటతో కాస్త మెల్లగా. అన్ని రోజులూ ఒకేలా తయారవుతాయి. వారానికి 8 గంటలు చేసేవాళ్లయితే దాదాపు ఆరున్నర గంటలు పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే ఉండాలి. 10 కిలోమీటర్లు 5:30తో పరుగెత్తేవారికి అది 6:30 నుంచి 7:00 మధ్య ఉంటుంది. పక్కన ఎవరో దాటి వెళ్తుంటే చిన్నతనంగానే ఉంటుంది, వెళ్లనివ్వండి. గుండె, కండరాలు ఓర్పు నేర్చుకునేది ఈ గంటల్లోనే. మూడు ఆటల అలసట ఒకే ఒంటి మీద పడుతుంది కాబట్టి, ఉత్త పరుగు వాళ్లకంటే మనకు ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

మిగిలిన గంటన్నరలో హద్దు దగ్గరి పని: ఈతలో థ్రెషోల్డ్ పేస్‌తో 100 మీటర్లు పదిసార్లు, మధ్యలో 15–20 సెకన్ల విరామం, పరుగులో 5 నిమిషాల చొప్పున నాలుగైదుసార్లు.

3. దూరాన్ని బట్టి రేస్ పేస్ కట్టండి

థ్రెషోల్డ్ 200 వాట్లు ఉన్న మనిషినే తీసుకుందాం. తేలికైన ప్రాక్టీస్‌లో 110–150 వాట్లు తొక్కుతారు. 1.5, 40, 10 కిలోమీటర్ల ఒలింపిక్ దూరంలో 180 దాకా పోవచ్చు. 1.9, 90, 21.1 కిలోమీటర్ల హాఫ్ ఐరన్‌మ్యాన్‌లో 150–165. ఐరన్‌మ్యాన్‌లో 130–145. ఆ చివరి అంకెను మళ్లీ చూడండి, అది తేలికైన ప్రాక్టీస్ లోపలే ఉంది. కష్టం వేగంలో లేదు, అంతసేపు దాన్ని పట్టుకుని ఉండటంలో ఉంది. మొదటిసారైతే ప్రతి దూరంలోనూ కింది అంకెనే ఎంచుకోండి.

పరుగులో ఇదే మనిషి ఉత్త 10 కిలోమీటర్ల పేస్ 5:30 అయితే, ఒలింపిక్ దూరంలో 5:45 దగ్గర, హాఫ్‌లో 6:15–6:30, ఐరన్‌మ్యాన్‌లో 7:00 దాటినా ఆశ్చర్యం లేదు. ఎండ బాగా ఉంటే వేగం ఇంకా తగ్గించాలి. ఈతలో ఒలింపిక్ దూరానికి థ్రెషోల్డ్ కంటే వందకు నాలుగైదు సెకన్లు ఎక్కువ వేసుకుంటే సరిపోతుంది. చెరువులోనో సముద్రంలోనో దారి వంకర పోతుంది, 1,500 అనుకున్నది 1,600 అవుతుంది. ఆ అదనపు సమయం చూసి కంగారుపడొద్దు.

4. ఆ అంకెలు నిలుస్తాయో లేదో బ్రిక్‌లో పరీక్షించండి

సైకిల్ దిగి వెంటనే పరుగెత్తే ప్రాక్టీస్‌ని బ్రిక్ అంటారు. మామూలుగా గంట సైకిల్, అందులో చివరి 20 నిమిషాలు రేస్ వాట్లు, దిగగానే 15–20 నిమిషాల పరుగు చాలు. నేను మొదటి కిలోమీటరు అనుకున్న పేస్ కంటే 10–15 సెకన్లు నెమ్మదిగా పరుగెత్తుతాను. వాచీ మీద నుంచి కన్ను తీయను, ఎందుకంటే సైకిల్ దిగిన మొదటి పది నిమిషాలు నా అంచనా మీద నాకు నమ్మకం లేదు.

హాఫ్‌కి వెళ్తుంటే మూడు నాలుగు వారాల ముందు పెద్ద రిహార్సల్ ఒకటి చేయండి: రెండున్నర గంటల సైకిల్, అందులో రేస్ వాట్లతో 20 నిమిషాలు మూడుసార్లు, తర్వాత రేస్ పేస్‌తో 40 నిమిషాల పరుగు. రేసులో తినబోయేదే తినండి, తాగబోయేదే తాగండి. తర్వాత పరుగును రెండు భాగాలు చేసి హార్ట్ రేట్ పోల్చండి. పేస్ మారకపోయినా రెండో భాగంలో 5 శాతం కంటే ఎక్కువ పెరిగిందంటే ఆ పేస్ మీది కాదు. కిలోమీటరుకి 10 సెకన్లు కలిపి, సైకిల్ మీద ఐదు వాట్లు తీసేసి, వారం తర్వాత మళ్లీ చూడండి.

5. రేసు వారం, రేసు రోజు

ఆఖరి వారంలో ప్రాక్టీస్ సమయం సగానికి తగ్గించండి. రేస్ పేస్ ముక్కలు మాత్రం రెండు మూడు నిమిషాలవి ఉంచుకోండి.

రేసు రోజు టెన్షన్‌తో ఈతలో మొదటి 200 మీటర్లు ఎవరికైనా వేగంగానే పోతాయి, ఊపిరి అదుపులోకి వచ్చేదాకా కావాలనే తగ్గండి. సైకిల్ మీద వాట్ల అంకెను గమ్యంలా కాకుండా దాటకూడని కప్పులా చూడండి. నేను చిన్న టేపు ముక్క మీద మూడే అంకెలు రాసి హ్యాండిల్‌కి అంటిస్తాను: సైకిల్ వాట్లు, పరుగులో మొదటి కిలోమీటరు పేస్, మిగతా పరుగు పేస్. దిగేముందు రెండో అంకెను పైకి చదువుకుంటాను.