చెప్పులు వదిలే ముందు అరికాళ్లు చూసుకోండి

వట్టి కాళ్లతో నడిస్తే మంచిదని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నేనూ అదే చెప్తాను, కాకపోతే ముందు ఒక మాట అడగాలి: మీకు షుగర్ ఉందా? అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు, మొద్దుబారినట్టు ఉండటం లాంటివి ఏమైనా ఉన్నాయా? ఉంటే చెప్పులు విప్పకండి, చివర్లో మా అమ్మ గురించి రాశాను, అది చదవండి చాలు.

మిగతావాళ్లకు చెప్పేది ఇది. పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి, వాటిని పట్టి ఉంచడానికి బోలెడన్ని చిన్న కండరాలు. మనలాంటి ఆఫీసు జనం పొద్దున తొమ్మిదికి షూ వేస్తే మళ్లీ ట్రాఫిక్ దాటుకుని ఇంటికొచ్చాకే విప్పుతాం, అంతసేపూ మెత్తటి సోలు మీద, వేళ్లు దగ్గరికి నొక్కుకుపోయి, ఆ కండరాలకు పెద్దగా పనే ఉండదు. చెప్పులు లేకుండా నడిస్తే బొటనవేలు నేలను పట్టుకుంటుంది, ఎత్తుపల్లాలు అరికాలికి తెలుస్తాయి, దాన్నిబట్టి ఒళ్లు తనంతట తానే సర్దుకుంటుంది. బ్యాలెన్స్ అనేది ఇలాగే కుదురుతుంది. ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ అనే మన డాక్టర్లు 2300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి 1992లో ప్రచురించారు: షూ, చెప్పులు వాడే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, వట్టి కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతానికే ఉన్నాయి. ముందు మూసుకుపోయే షూ వేసేవాళ్లలో ఇంకా ఎక్కువ.

మంచు పడ్డ గడ్డి మీద నడిస్తే కళ్లజోడు పోతుందంటారు కదా, పోదు. చూపు మసకబారేది కంటి గుడ్డు పొడవు వల్లో లెన్స్ వల్లో, దానికీ గడ్డికీ సంబంధం లేదు. భూమిలోంచి ఎలక్ట్రాన్లు ఎక్కి రోగాలు తగ్గుతాయన్న మాట కూడా నేను నమ్మను, దాని మీద జరిగినవన్నీ చిన్న చిన్న పరీక్షలే. కాళ్లకు బలం, నడకకు నిలకడ, నాకు ఇవి చాలు.

మొదటి వారం ఇంట్లోనే. రోజుకు పది నిమిషాలు హాల్లో అటూ ఇటూ నడవండి, పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి (గోడ పక్కనే), కింద పరిచిన టవల్‌ను కాలివేళ్లతో దగ్గరికి లాగండి. ఇవి అలవాటయ్యాక బయట ఐదు నిమిషాలు. వారానికి ఇంకో మూడు, నాలుగు నిమిషాలు కలుపుకుంటూ పోండి, అంతకన్నా తొందర వద్దు. అడుగులు చిన్నవిగా వేయండి, మడమ దభీమని పడకూడదు. పిక్కలు కొంచెం పట్టేస్తే కంగారు పడక్కర్లేదు, ఒకరోజు ఆగితే సర్దుకుంటుంది. కానీ పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచినట్టు నొప్పి వస్తుంటే మాత్రం ఆపేసి డాక్టర్‌కు చూపించండి.

ఎక్కడ నడవాలి? బెంగళూరులో ఫుట్‌పాత్ మీద అస్సలు వద్దు, గాజు పెంకులు, తీగలు, తేలిపోయిన రాతిపలకలు. నేను లాల్‌బాగ్ తోటకు వెళ్తాను. అక్కడ కెంపేగౌడ మంటపం ఉన్న గుట్ట ఉంది చూడండి, దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి, పొద్దున ఆరున్నరకు దాని మీద కాలు పెడితే చల్లగా ఉప్పు పలుకుల్లా గుచ్చుకుంటుంది, రెండు నిమిషాలయ్యేసరికి వేళ్లు వాటంతట అవే విడివిడిగా పరుచుకుని రాయిని పట్టుకుంటాయి. ఎండెక్కితే మాత్రం అదే రాయి పెనంలా కాలుతుంది, తొమ్మిదిలోపు దిగేయండి. ఒకరోజు అక్కడ హిందూపురం పెద్దాయన ఒకరు నన్ను చూసి, "ఏం పాపా, చెప్పులు తెగినాయా?" అని అడిగారు. సంగతి చెప్తే, "మేము శెనక్కాయ చేన్లో చెప్పులేసుకునే ఎరగం" అని తన పాదం చూపించారు. వేళ్ల మధ్య ఇంకో వేలు పట్టేంత సందు, విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. నావి పక్కన పెట్టి చూసుకుంటే అన్నీ అతికించినట్టున్నాయి.

తడి మట్టిలో, ముఖ్యంగా కుక్కలు తిరిగే చోట నడవకండి, కొంకిపురుగుల (హుక్‌వర్మ్) లార్వాలు అరికాలి చర్మం గుండానే లోపలికి పోతాయి. ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. ఇంటికి రాగానే కాళ్లు సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, అరికాలు చూసుకోండి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోండి.

ఇక అమ్మ సంగతి. పన్నెండేళ్లుగా షుగర్. ఒక సాయంత్రం సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చుంటే ఎడమ మడమ పక్కన నల్లటి చుక్క కనిపించింది, మురికి అనుకుని తుడిచాను, పోలేదు. స్టాప్లర్ పిన్ను. ఎప్పుడు దిగిందో తనకు తెలియదు, దాని మీదే నడుస్తూ ఉంది, చుట్టూ చీము పట్టింది. నరాలు దెబ్బతింటే నొప్పి తెలియదు, అసలు ప్రమాదం అదే. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికి ఒకసారైనా డాక్టర్‌తో పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి, సన్నటి నైలాన్ దారంతో అరికాలి మీద నొక్కి చూస్తారు, నొప్పి ఉండదు. స్పర్శ తగ్గిందని తేలితే ఇంట్లో కూడా వట్టి కాళ్లతో గానీ, చెప్పుల్లేకుండా ఉత్త సాక్సులతో గానీ తిరగకూడదు.

పూజ గదిలోకి చెప్పులతో ఎలా వస్తానని అమ్మ చాలా రోజులు ఒప్పుకోలేదు. ఇప్పుడు అందుకోసమే విడిగా ఒక జత కొన్నాం, అవి ఆ గది గడప దాటి బయటికి రావు. రాత్రి పడుకునే ముందు తన అరికాళ్లు నేను టార్చ్ వేసి చూస్తాను.